పిన్ని బీరువాలో మూడో కాపీ

తెనాలిలో నాన్నకి ఫొటో స్టూడియో ఉండేది. దాని షట్టర్ మూసేశాక పని ఇంటికొచ్చేసింది. పై గదిలో తమ్ముడు పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు, కింద గదిలో నేను ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. మధ్యలో మెట్లు. ఆ మెట్ల మీద రోజంతా తిరిగే పోస్ట్‌మ్యాన్... ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్.

"అక్కా, ముహూర్తం ఫొటోలు ఏ డిస్క్‌లో పెట్టావ్?" అని పైనుంచి కేక. తీరా చూస్తే ఫైనల్, ఫైనల్ 2, అసలు ఫైనల్ అని మూడు ఫోల్డర్లు. ఏది నిజమైన ఫైనలో ఆ దేవుడికే తెలియాలి!

ఇలా కాదని ఇంట్లోనే చిన్న ఆఫీస్ నెట్‌వర్క్ పెట్టాలనుకున్నాం. ఎవరిని అడిగినా ఒకటే సలహా: "నెట్ ప్లాన్ పెంచుకోండి." దానికీ దీనికీ సంబంధమే లేదు. పై గది నుంచి కింది గదికి వచ్చే ఫైలు ఇంటర్నెట్‌లోకి అడుగే పెట్టదు. మన కేబుల్, మన పోర్టు, మన డిస్క్ ఎంత వేగమైతే దాని వేగమూ అంతే.

కొంచెం లెక్క చూద్దాం. నెట్‌వర్క్ వేగాన్ని బిట్లలో చెప్తారు, ఫైలు సైజును బైట్లలో. ఒక బైట్ అంటే 8 బిట్లు. అందుకే 100 ఎంబీపీఎస్ లైన్‌లో సెకనుకి ఎంత లాగినా 12.5 ఎంబీ దాటదు. మాకు ఒక్కో పెళ్లికి దాదాపు 200 జీబీ వస్తుంది. ఆ లైన్‌లో కాపీ అవ్వాలంటే నాలుగున్నర గంటలు. అదే గిగాబిట్ లైన్ అయితే సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, అంటే అరగంటలో పని ఖతం.

మా ఫైబర్ రౌటర్ వెనక నాలుగు పోర్టులున్నాయి. వాటిలో గిగాబిట్‌ది ఒక్కటే, మిగతా మూడూ 100వి. చాలా ఇళ్లలో ఇదే కథ. రౌటర్ మార్చే పని లేకుండా చిన్న గిగాబిట్ స్విచ్ కొని, ఆ ఒక్క పోర్టుకి తగిలించాం. మిగతావన్నీ స్విచ్‌కే. కేబుల్ క్యాట్ 6. షాపులో చవకగా ఇస్తామన్నది అల్యూమినియం తీగకి రాగి పూత పూసింది. వద్దని ప్యూర్ కాపరే అడిగి తీసుకున్నాం. గోడలకి కొత్త కన్నాలు పెడితే ఊరుకోనని నాన్న ముందే చెప్పేశారు. దాంతో ఏసీ పైపు కోసం కొట్టిన కన్నంలోంచే, కరెంటు వైర్లకి దూరంగా లాగాం. వైఫై ఉంది కానీ మధ్యలో శ్లాబ్ అడ్డం. అది ఫోన్లకి చాలు.

ఇక స్టోరేజ్. నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టెని నాస్ అంటారు. అందులో రెండు డిస్కులు పెట్టాం. ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ పడుతుంది. కరెంటు సంగతి తెలిసిందే కాబట్టి పక్కనే యూపీఎస్. మొత్తం ఖర్చు ఒక మంచి లెన్స్ కన్నా తక్కువే.

తమ్ముడు గర్వంగా చూపిస్తుంటే నాన్న ఒకే ప్రశ్న వేశారు. "రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి కదరా, పెట్టే పోతే?"

ఆయన కాలంలో నెగెటివ్‌లు స్టూడియోలో ఉంచలేదు, ఇంటి బీరువాలో దాచేవారు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం కూడా అదే మాట: మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి మరోచోట. మా మూడో కాపీకి రెండు వీధుల అవతల ఉన్న పిన్ని వాళ్లిల్లు కుదిరింది. ప్రతి ఆదివారం డిస్క్ తెచ్చి, కొత్తవి ఎక్కించి, మళ్లీ పట్టుచీరల కింద పెట్టేస్తాం. అందులోంచి ఏదీ చెరపకూడదని మా రూలు.

మొన్న వేసవిలో ఒక ఫోనొచ్చింది. మేం తీసిన ఒక పెళ్లిలో పెళ్లికూతురి తాతయ్య పోయారట. ఆయన అక్షింతలు వేసి ఏదో అన్నారు, ఆ గొంతు ఉన్న ముక్క కావాలన్నారు. ఎడిట్‌లో అక్కడ పాట పెట్టాం, అసలు క్లిప్‌లోనే మాటలుంటాయి. చోటు చాలక తమ్ముడు ఆ రా ఫోల్డర్ తీసేసి రెండు నెలలైంది. ఒక డిస్క్‌లో చెరిపితే జంట డిస్క్‌లోనూ అదే క్షణంలో పోతుంది. అద్దంలో బొట్టు చెరిపినట్టే. అది బ్యాకప్ కాదని వాడికి ఆ రోజు బాగా అర్థమైంది.

బండేసుకుని పిన్ని వాళ్లింటికి పరిగెత్తాడు. క్లిప్ దొరికింది. 14 సెకన్లు. సన్నాయి మోతలో సన్నగా వినిపించింది ఆయన గొంతు: "చల్లగా ఉండండమ్మా."

వాళ్ల దగ్గర డబ్బులు తీసుకోలేదు. ఆ ఆదివారం నుంచి డిస్క్ తేవడానికి ఎవరూ వాడికి గుర్తు చెయ్యక్కర్లేదు.