దిండిలో మంచు నేల

డిసెంబరు చివర్లో తెల్లవారుజామున చించినాడ వంతెన ఎక్కితే గోదావరి కనిపించదు. రెయిలింగు తడిగా చేతికి తగులుతుంది. ఎదురొచ్చే లారీల లైట్లు పసుపు ముద్దల్లా కనిపిస్తాయి. కింద ఎక్కడో పడవ ఇంజను చప్పుడు. అంతే! అవతల పశ్చిమగోదావరి వైపు చించినాడ, ఇవతల కోనసీమ వైపు దిండి, మధ్యలో వశిష్ఠ. పొద్దెక్కేకొద్దీ ముందు కొబ్బరి మొవ్వులు, తరవాత మొదళ్లు, ఆ తరవాత గట్టు మీది గడ్డి... ఒక్కొక్కటే మంచులోంచి బయటపడతాయి. దిండి చూడ్డానికొచ్చే పర్యాటకుల్లో చాలామంది ఈ రెండు గంటల్నీ రిసార్టు గదుల్లో దుప్పటి కింద పోగొట్టుకుంటారు.

ఆ వేళ తప్పకుండా లేచి, అదీ తల దించుకుని నేలనే చూస్తూ తిరగాల్సినవాళ్లు కొందరున్నారు. ప్లాస్టిక్ ట్యాంకులూ జీపులూ జవాన్ల బొమ్మలూ అతికించి, రంగులేసి, వాటి కింద ఓ చెక్కపలక మీద యుద్ధభూమిని తయారుచేసే సరదా ఉన్నవాళ్లు. ఆ పలకని డయోరమా అంటారు. 1822లో పారిస్‌లో డాగెర్ అనే ఆయన పెద్ద తెరల మీద వెలుగునీడలతో చూపించిన వినోదానికి పెట్టిన పేరది (తర్వాత ఫొటోగ్రఫీకి దారివేసినవాళ్లలో ఆయనా ఒకరు). ఇప్పుడు బల్లమీద పట్టేంత బొమ్మల లోకానికి ఆ పేరు స్థిరపడింది.

ఈ సరదాలో అందరూ ఒక్కసారైనా చేయాలనుకునేది శీతాకాలపు యుద్ధభూమి. అందరూ ఎక్కువగా పాడుచేసేదీ అదే. మంచు కురవని దిండికీ దానికీ ఏమిటి సంబంధం అంటారా?

కొలువు కింద నేల

నిజానికి డయోరమా మనకేం కొత్త కాదు. కోస్తా ఇళ్లలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. మెట్ల మీద దేవుళ్లూ, పెళ్లికొడుకూ పెళ్లికూతుళ్లూ, కొండపల్లి బొమ్మలూ పెద్దవాళ్ల ఇష్టం. మెట్ల కింద నేల మాత్రం పిల్లల సామ్రాజ్యం. ఇసుక పోసి ఊరు కడతారు. అద్దంముక్క పెడితే చెరువు. వారం ముందు చల్లిన మెంతులు మొలకెత్తితే వరిచేను. గోనెసంచి ముడిచి పెడితే కొండ, దాని మీద దూది పరిస్తే కైలాసం. 1999లో కార్గిల్ యుద్ధం జరిగాక ఆ గోనెసంచి కొండల మీదికి ప్లాస్టిక్ జవాన్లు కూడా ఎక్కారు. కింద అదే దూది.

శివుడికి దూది చాలు. జవానుకి చాలదు!

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సైనిక స్థావరం మీద మంచుగోడ విరిగిపడింది. 19 మద్రాస్ బెటాలియన్‌కి చెందిన పదిమంది దాని కింద ఉండిపోయారు. వాళ్లలో కర్నూలు జిల్లా జవాను ఒకరు. వెతకడానికి వెళ్లినవాళ్లు పారలతో తవ్వలేదు. రాయిలా గడ్డకట్టిన మంచుని యంత్రాలతో కోసుకుంటూ పాతికడుగుల లోతుకు పోవాల్సి వచ్చింది. కర్ణాటకకి చెందిన హనుమంతప్ప ఆరో రోజున ప్రాణాలతో దొరికారు. ఆయన కూడా ఫిబ్రవరి 11న ఢిల్లీలో కన్నుమూశారు. దిండి నుంచి వంతెన దాటి తాడేపల్లిగూడెం వైపు వెళితే మాధవరం వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి బిడ్డల్ని పంపుతూ మిలటరీ మాధవరం అని పేరు తెచ్చుకున్న ఊరు. అలాంటి ఊళ్లలో మంచు అంటే ఏమిటో సెలవులో ఇంటికొచ్చిన మనిషి చెబితే తెలుస్తుంది. అది బరువైనది, గట్టిది, మురికిది. కాలు దిగబడేదీ, కాలు జారేదీ అదే. బొమ్మ జవాను కింద దూది పరిస్తే అతను నిలబడ్డట్టు ఉండదు, పెట్టినట్టు ఉంటుంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. చలికాలపు యుద్ధం అంటే ఎప్పుడూ తెలుపే కాదు. 1943 నవంబరులో ఇటలీలో సాంగ్రో నది దాటిన 8వ భారత డివిజన్‌కి శత్రువుతో పాటు ఎదురైనవి వాన, వరదెత్తిన ఏరు, చక్రాలు కూరుకుపోయే బురద. ఆ బురదని చూడ్డానికి ఇటలీ దాకా పోనక్కర్లేదు.

దమ్ము చక్రం నేర్పే పాఠం

డిసెంబరు, జనవరి నెలల్లో కోనసీమలో ఓ పక్క సార్వా కోతలై గడ్డిమేట్లు లేస్తుంటాయి, మరో పక్క దాళ్వాకి దమ్ము చేస్తుంటారు. దిండి చుట్టుపక్కల చేలగట్టు మీద ఓ గంట నిలబడితే చాలు. దమ్ము చేసిన ట్రాక్టరు రోడ్డెక్కగానే మొదటి పది గజాల్లో ముద్దలు ముద్దలుగా నల్ల ఒండ్రు పడుతుంది. తరవాత పది గజాల్లో అది చారలవుతుంది. ఆ తరవాత మరకలు మాత్రమే. ట్యాంకు బొమ్మ చేసినవాళ్లలో చాలామంది బురదని పలక నిండా ఒకే మందాన పూస్తారు. బండి ఎక్కడ్నుంచి వచ్చిందో, ఎటు పోతోందో బురదే చెబుతుందని వాళ్లకి తట్టదు. అడుగు జాడ కూడా అంతే. తడినేలలో మడమ పడ్డచోట లోతు, చుట్టూ లేచిన అంచు, అడుగున ఇంత నీరు. ఎండిన జాడ లేత రంగులో ఉంటుంది, తడిజాడ ముదురుగా ఉండి మెరుస్తుంది. ఈ తేడా చూపడానికి నల్లరంగు అక్కర్లేదు, మెరుపు వార్నీషు ఓ చుక్క చాలు.

ఇక మంచు. దాన్ని చూడాలంటే ఊళ్లోకి రావాలి, అదీ ముగ్గుల దగ్గరికి. ధనుర్మాసంలో తెల్లవారకుండానే వాకిలి ఊడ్చి, కళ్లాపి జల్లి, పెద్ద పెద్ద ముగ్గులేస్తారు. వేసిన ముగ్గు కాదు, మర్నాడు చెరిగిపోయిన ముగ్గు చూడాలి. సైకిలు చక్రం దాన్ని ఓ గీతగా ఈడ్చుకుపోయి ఉంటుంది. మనుషులు తొక్కినచోట నేల బయటపడుతుంది. గుంటల్లో తెల్లపొడి నిలిచిపోతుంది, మిట్టల మీద ఉండదు. చూరు నీళ్లు పడ్డచోట వరసగా చిన్న చిన్న చిల్లులు. పల్చగా కురిసిన మంచు నేలమీద రెండోరోజుకి అచ్చం ఇలాగే ఉంటుంది! డయోరమా చేసేవాడికి దొరికే ఉచిత పాఠాల్లో ఇంతకంటే మంచిది లేదు. దొరికితే ఓ ఫొటో తీసుకుని దాచుకోవాల్సిన పాఠం.

చౌక సరుకు, ఖరీదైన డబ్బా

శీతాకాలపు నేలకి కావలసిన సరుకు కూడా కోనసీమలో కుప్పలుగా పడి ఉంటుంది. బొమ్మల దుకాణాల్లో 'ఎండు గడ్డి' అని చిన్న పొట్లం కట్టి ఖరీదుగా అమ్మేది చాలాసార్లు నార పీచే. కొబ్బరి డొక్కని కాసేపు నానబెట్టి చీలిస్తే అంతకంటే మంచి పీచొస్తుంది. దాని లేత గోధుమ రంగు చలికి చచ్చిన గడ్డి రంగే. డొక్కలోంచి రాలే పొట్టు జల్లిస్తే కుళ్లిన ఆకుల నేల సిద్ధం. కొబ్బరిమట్ట మొదట్లో మొవ్వుని చుట్టుకుని జల్లెడ గుడ్డలాంటి పీచు ఉంటుంది కదా, దాన్ని తడిపి ట్యాంకు మీద కప్పితే శత్రువిమానాలకి కనపడకుండా కప్పే వలలా ఉంటుంది. వరద కోసేసిన ఏటిగట్టులో వేలాడే సన్నటి వేళ్లు తెచ్చి తలకిందులుగా నిలబెడితే ఆకులు రాలిన చెట్లు.

అయితే అన్నిటికీ కొలత ఉంది. ఈ సరదాలో ట్యాంకులకి ఎక్కువగా వాడేది 1:35. అంటే ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి 5 సెంటీమీటర్ల బొమ్మ అవుతాడు. ఒక మిల్లీమీటరు ఇసుకరేణువు మూడున్నర సెంటీమీటర్ల కంకరరాయి. అరడుగు మంచు అంటే పలక మీద నాలుగు మిల్లీమీటర్లే. సెంటీమీటరు పొడుగు పీచు పెడితే మోకాలు దిగువన తగిలే గడ్డి, మూడు సెంటీమీటర్లు పెడితే నడుందాకా వచ్చే రెల్లు. గోదావరి ఇసుకని అలాగే తెచ్చి పోస్తే బండరాళ్ల గుట్టవుతుంది. అందుకే ఏటిఒడ్డు ఒండ్రే మేలు. దాన్ని ఎండబెట్టి, పొడికొట్టి, వస్త్రకాయితం పట్టి, మూకుడులో కాసేపు వేయించాలి. లేకపోతే పురుగూ బూజూ పట్టి రెండునెలల్లో యుద్ధభూమి నిజంగానే నాశనమవుతుంది.

పనిలో వరస తప్పకూడదు. చెక్కపలక మీద థర్మోకోలు ముక్కలు అతికించి ముందు ఎత్తుపల్లాలు తేల్చుకోవాలి. దానిమీద ఒండ్రు, కొబ్బరిపొట్టు, ఫెవికాల్, నీళ్లు కలిపిన ముద్ద పూయాలి. అది ఆరకముందే ట్యాంకు చక్రాల పట్టీని, బూట్లని అద్దాలి. బొమ్మలు నేల మీద కాదు, నేలలో నిలబడేది ఇక్కడే. ఆరాక రంగు, తరవాత పీచు. మంచు అన్నిటికంటే చివర. ముందే తెలుపు పూసి దానిమీద గడ్డి నాటితే, మంచులోంచి గడ్డి మొలిచినట్టుంటుంది తప్ప గడ్డి మీద మంచు పడినట్టుండదు.

మంచుకి ఏం వాడాలన్నదే అసలు తగాదా. వరిపిండి వద్దు, చీమలొస్తాయి. వంటసోడా చూడ్డానికి బాగానే ఉంటుంది కానీ జిగురుతో కలిసి కొన్నాళ్లకి పసుపుపచ్చగా మారుతుందని చాలామంది అనుభవం. విదేశాల్లో కంటికి కనపడనంత చిన్న గాజుబుడగల పొడి వాడతారు. అది పీలిస్తే ప్రమాదం, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. మన రాతిముగ్గు చౌక, రంగు మారదు. కాకపోతే బాగా మెత్తగా జల్లించాలి, దీనికీ ముక్కుకి గుడ్డ తప్పదు. పల్చటి జిగురునీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క కలిపి చిమ్మితే అది బొట్లు కట్టకుండా నేలంతా పాకుతుంది. దానిమీద టీ జల్లెడతో ముగ్గుని పైనుంచి రాల్చాలి, ఒక పక్కకి కొంచెం ఎక్కువగా. గాలి వీచిన వైపు కదా! చెట్ల మొదళ్ల దగ్గరా, బండి కిందా పడకూడదు. ట్యాంకు ఇంజను మీద పడితే కరిగి తడి మిగలాలి. తొక్కిన దారిలో తెలుపు, మట్టి కలిసి బూడిదరంగు బురదవ్వాలి.

అమెరికాలో షెపర్డ్ పెయిన్ ఈ విద్య మీద 1980లో పుస్తకం రాస్తే దేశదేశాల్లో చదివారు. ఆయన పట్టు కథ మీద. పలక మీద ఏం జరుగుతోందో చూసేవాడికి తెలియాలన్నది ఆయన పద్ధతి. మంచు నేల విషయంలో ఆ కథ సగం జాడల్లోనే ఉంటుంది. అసలు జవాను బొమ్మ లేకుండా, వెళ్లిన జాడలు రెండు వరసలు, తిరిగొచ్చినవి ఒకే వరస పెట్టినా చాలు. చూసినవాళ్ల గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఒక్కటి మాత్రం దిండి నుంచి తీసుకెళ్లలేరు. వశిష్ఠ మీది పొగమంచు. దాన్ని దూదితో చేయబోయినవాళ్ల పలకలన్నీ పరుపు చిరిగినట్టే కనిపిస్తాయి. మంచుకి తడిసిన గడ్డిమేటు పైభాగం ముదురుగా, పొట్టభాగం పొడిగా ఉంటుంది. ఆ తేడా చూపిస్తే పొగమంచు వచ్చి పోయిందని చూసేవాళ్లే అనుకుంటారు.

వెళ్లాలంటే: దిండి మలికిపురం మండలంలో ఉంది. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడ్డాక అమలాపురం జిల్లా కేంద్రమైంది. రైల్లో అయితే పాలకొల్లులో దిగడం సుఖం, అక్కణ్నుంచి చించినాడ వంతెన మీదుగా పదిహేను కిలోమీటర్ల లోపే. రాజమండ్రి నుంచి రోడ్డున ఎనభై కిలోమీటర్లు. మంచు కోసమైతే డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా మంచి కాలం. కొబ్బరి డొక్కలు రాశి దగ్గరున్నవాళ్లని అడిగే తీసుకోవాలి, బోదె పక్కన పడి ఉన్నా అవి ఎవరో ఒకరివే. పీచుని రెండురోజులు ఎండలో వేసి, విదిలించి మరీ సంచిలో పెట్టుకోండి. తడిపీచు ఇల్లు చేరేలోగానే బూజు పడుతుంది.