ఉప్పుగాలిలో పన్నెండు వోల్టులు

‘మోటారు ఇల్లు’ అన్న మాట మనకు కొత్తగా వినిపిస్తుంది గానీ, ఆ వస్తువు మరీ కొత్తదేమీ కాదు. 1982లో ఎన్.టి.రామారావుగారు పాత షెవర్లే వ్యానును మార్పించుకొని, రాత్రిళ్లు అందులోనే పడుకుంటూ రాష్ట్రమంతా చుట్టివచ్చారు. ఆ ‘చైతన్యరథం’ ముందు మా పిన్నికొడుకు సెకండుహ్యాండులో కొన్న బండి ఏపాటిది! ఇదొక పన్నెండు సీట్ల వ్యాను. చెన్నైలో ఎవరో సీట్లు పీకించి మంచం, సింకు, చిన్న ఫ్రిజ్జు, ఇన్వర్టరు, కప్పుమీద సోలారు పలక పెట్టించుకున్నారు. సరదా తీరాక అమ్మేశారు.

మా తమ్ముడు మాత్రం సరదాకు కొనలేదు. పిన్నికి ఇరవయ్యేళ్లుగా మధుమేహం, పూటపూటా ఇన్సులిను. బాబాయి పోయిన తరువాత ఆమె పరాయి ఇంట ఒక్క రాత్రి కూడా నిద్రచేయలేదు. పెళ్లిళ్లకు సైతం పొద్దున పోయి సాయంత్రానికి తిరిగివచ్చేస్తుంది. “మందు ఎవరి ఫ్రిజ్జులో పెట్టమని అడిగేది? నడిరాత్రి ఎవరిని లేపేది?” అంటుంది. తన మంచమూ తన ఫ్రిజ్జూ తనతోనే వస్తే ఆ మాట అనలేదు కదా అన్నది తమ్ముడి లెక్క. ముందుగా నేలపట్టు గూడబాతులను చూపించి, అక్కడినుండి పులికాటు గట్టు మీదికి తీసుకుపోవాలని వాడి ఆశ.

బండి ఇందుకూరుపేట దగ్గర మా ఊరికి వచ్చి నెల అయినా ఆ ప్రయాణం కదలలేదు. కారణం ఫ్రిజ్జు. పగలంతా చక్కగా పనిచేస్తుంది, రాత్రి రెండు దాటితే ఆగిపోతుంది. తెల్లవారి ఎండ ఎక్కగానే, ఏమీ ఎరగనట్లు, మళ్లీ మొదలవుతుంది. తెరవని ఇన్సులిను సీసా రెండు నుండి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. రాత్రి ఆగి పగలు నడిచే ఫ్రిజ్జును నమ్మి నెలకు సరిపడా మందు అందులో పెట్టలేము.

నెల్లూరులో చూపిస్తే బ్యాటరీ పోయింది, కొత్తది వేయాలన్నారు. బండితో వచ్చిన కాగితాలు తిరగేస్తే, పాత యజమాని ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు మార్చిన రశీదులు కనిపించాయి. మూడోదానికి పద్నాలుగు వేలు పోయడానికి తమ్ముడు సిద్ధపడ్డాడు గానీ నాకు మనసొప్పలేదు. వరుసగా మూడు బ్యాటరీలు ఒకే వేళకు, ఒకే తీరున చెడిపోవడం నమ్మదగిన విషయం కాదు. పైగా రాత్రంతా ఏదీ వాడకుండా ఉంచి పొద్దున్నే మీటరు పెడితే 12.6 వోల్టులు చూపించింది. నిండు బ్యాటరీ తీరిగ్గా ఉన్నప్పుడు చూపేది 12.7 దరిదాపుల్లో, సగం ఖాళీ అయితే 12.2. ఆ లెక్కన ఇది ఆరోగ్యంగానే ఉంది.

మా ప్రాంతంలో ఇలాంటి పనికి తగినవాడు కార్ల మెకానిక్కు కాడనీ, రొయ్యల గుంటల ఎలక్ట్రీషియను అనీ నా నమ్మకం. తెలియనివారి కోసం కాస్త చెబుతాను. గుంటలో ప్రాణవాయువు తెల్లవారుజాముకు ముందు అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. ఆ వేళలో ఏరేటర్లు ఆగితే రొయ్యలు నీటిపైకి తేలతాయి. కొద్ది గంటల్లో పంటంతా పోవచ్చు. కాబట్టి గుంటల మీద పనిచేసేవాడు నడిరాత్రి, వానలో, టార్చిలైటు వెలుగులో తప్పు ఎక్కడుందో కనిపెట్టడం నేర్చుకొని ఉంటాడు. ఉప్పు రాగిని ఎలా తింటుందో అతనికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు.

మేము పిలిచిన కుర్రవాడు మీటరు కంటే ముందు సంచిలోంచి కారు హెడ్‌లైటు బల్బు తీశాడు. దానికి రెండు తీగలు అంటించి ఉన్నాయి. ఫ్రిజ్జుకు వచ్చే తీగలు విప్పి అక్కడ మీటరు పెడితే 12.5 చూపించింది. అవే తీగలకు బల్బు తగిలిస్తే ఎర్రగా, నీరసంగా వెలిగింది. బల్బు తెచ్చి నేరుగా బ్యాటరీకి పెడితే కళ్లు చెదిరాయి.

“బ్యాటరీ బాగానే ఉండాది సార్. దోవలోనే తినేస్తా ఉండాది” అన్నాడు.

ఈ దోవ సంగతి మా పెన్నా ఆయకట్టు చివరి రైతులకు బాగా తెలుసు. తూము మూసి ఉన్నంతసేపు పిల్లకాలువ నిండుగానే కనబడుతుంది. తూము ఎత్తినప్పుడే పైనుండి వచ్చేది ఎంతో బయటపడుతుంది. మీటరు కూడా అంతే, దాదాపు ఏ కరెంటూ తీసుకోకుండా కొలుస్తుంది. తీగలో ఒక్క పోగు మిగిలి ఉన్నా పూర్తి వోల్టులు చూపిస్తుంది. అందుకే బరువు పెట్టి కొలవాలి.

ఫ్రిజ్జు నడుస్తుండగా కొలిచాము. బ్యాటరీ మొనల దగ్గర 12.3, ఫ్రిజ్జు దగ్గర 10.3. దారిలో రెండు వోల్టులు మాయం. ఎర్ర తీగ పొడవునా పోయింది 0.4 మాత్రమే. మిగిలిన 1.6 వోల్టులూ తిరుగుదారిలో, అంటే ఫ్రిజ్జు నుండి బండి ఛాసిస్ మీదుగా బ్యాటరీకి చేరే ఎర్తులో పోతున్నాయి. రాత్రి రెండు గంటల రహస్యం అక్కడే విడిపోయింది. పగలు సోలారు పలక బ్యాటరీని పద్నాలుగు వోల్టుల దాకా ఎత్తిపెడుతుంది, రెండు పోయినా ఫ్రిజ్జుకు పన్నెండు దక్కుతాయి. రాత్రి ఆ ఆసరా ఉండదు. పదిన్నర కిందికి దిగితే ఇలాంటి చిన్న ఫ్రిజ్జులు చాలావరకు బ్యాటరీని కాపాడడానికి తమంతట తామే ఆగిపోతాయి. అది తన ధర్మం తాను చేస్తుంటే మనం బ్యాటరీని తిట్టుకుంటున్నాము.

ఎర్తు బోల్టు వెనుక చక్రం పైభాగాన ఉంది. రంగు గీకకుండా రేకుమీదే బిగించేశారు. దానిమీద ఏళ్లతరబడి సముద్రపు గాలి పనిచేసింది. ఉప్పు గాలిలోని చెమ్మను పట్టి ఉంచుతుంది. ఆ చెమ్మలో రాగీ ఇనుమూ ఒకదానినొకటి ఆనుకొని ఉంటే తుప్పు మరీ త్వరపడుతుంది. లగ్గు తాకగానే ఊడివచ్చింది. తీగ తొక్క ఒలిస్తే లోపల పచ్చగా చిలుము, ఒక జానెడు దూరం దాకా.

అక్కడితో అయిపోయిందనుకుంటుండగా అతను మంచం కింది పలక ఎత్తమన్నాడు. ఇన్వర్టరుకు పోయే లావు తీగ అక్కడ నేలరేకుకు చేసిన రంధ్రంలోంచి దిగుతోంది. రంధ్రం అంచుకు రబ్బరు లేదు. బండి కుదుపులకు రేకు అంచు తీగ తొక్కను కోసుకుంటూ వచ్చింది. ఇంకా రాగి కనబడలేదు, కాగితమంత పొర మిగిలింది. ఆ తీగకు బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేదు. ఆ పొర తెగిన నాడు బ్యాటరీలోంచి వందల ఆంపియర్లు అడ్డూఆపూ లేకుండా ఆ తీగలో పారేవి. దానిపైన ఉన్నది దూది పరుపు, ఆ పరుపు మీద పడుకోవలసింది పిన్ని.

తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ కుర్రవాడు మాత్రం రంధ్రంలో వేలు పెట్టి చూసి, “రేపు రండి అనను సార్, ఇది ఈరోజే చేసిపెడతా” అని సామాను కోసం బయలుదేరాడు.

ఫ్యూజు అన్నది పరికరాన్ని కాపాడడానికని చాలామంది అనుకుంటారు. అది ముందుగా కాపాడేది తీగను. కాబట్టి అది పరికరం దగ్గర ఉంటే లాభం లేదు, బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. అలాగే పెట్టాడు. రంధ్రానికి రబ్బరు వేశాడు. ఫ్రిజ్జు ఎర్తును ఛాసిస్‌కు వదిలేయకుండా వేరే తీగ వేసి నేరుగా బ్యాటరీకి తెచ్చాడు. ఆ తీగ పడవల్లో వాడేది, రాగికి కళాయి పూసినది. మన ఇళ్లలో ఇత్తడి గిన్నెలకు పులుపు పడి చిలుము పట్టకుండా పూయించిన కళాయి కూడా ఆ తగరమే. కొసలను మెలేసి టేపు చుట్టే అలవాటు అతనికి లేదు. లగ్గులు నొక్కి బిగించి, వాటిమీద జిగురు గొట్టాలు వేడిచేసి అతికించాడు. ఖర్చు కూలితో కలిపి మూడు వేలు దాటలేదు.

మళ్లీ కొలిస్తే దారిలో పోయేది 0.2 వోల్టులు. ఆ రాత్రి ఫ్రిజ్జు ఆగలేదు. మూడు రాత్రులు ఖాళీ నీళ్లసీసాలతోనూ ఒక థర్మామీటరుతోనూ పరీక్షించాక గానీ పిన్ని తన మందు లోపల పెట్టనివ్వలేదు. నాకు ఆ పట్టుదల నచ్చింది.

డిసెంబరులో నేలపట్టుకు పోయాము. దొరవారిసత్రం దగ్గర, రోడ్డుకు కాస్త ఎడంగా బండి ఆపుకున్నాము. పిన్ని రాత్రి రెండుసార్లు లేచి ఫ్రిజ్జు తలుపు తెరిచి చూసిందని తమ్ముడు చెప్పాడు. పొద్దున థర్మామీటరు అయిదు డిగ్రీలు, బ్యాటరీ 12.3. కడపచెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెడుతుంటే ఆమె చాలాసేపు నిలబడి చూసింది. తరువాత, పులికాటు ఇంకెంత దూరమని అడిగింది.

ఒక సంగతి మిగిలే ఉంది. అన్నీ ఆపేసి మీటరును వరుసలో పెట్టి చూస్తే, ఇప్పటికీ 0.3 ఆంపియర్లు ఎటో పోతున్నాయి. రోజుకు ఏడు ఆంపియర్-గంటలు. సోలారు పలకను కప్పి బండిని వారం రోజులు షెడ్డులో పెడితే, ఈ నూరు ఆంపియర్-గంటల బ్యాటరీ సగం ఖాళీ అవుతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూశాము. పాటల పెట్టె కాదు, ఇన్వర్టరూ కాదు. మీలో ఎవరికైనా ఇటువంటిది ఎదురై ఉంటే ఎక్కడ వెదకాలో చెప్పగలరు.