పడుకోబెట్టకూడని బండి

కారు మీద సామాను కట్టే కొందరిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ వస్తువు ఏ వైపు నుంచి బరువు మోస్తుందో, ఏ వైపు నుంచి మోయలేదో చూడరు. తాడు చేతికి దొరికితే చాలు, మోకాలు ఆనించి పళ్ళు బిగబట్టి లాగుతారు. కదలకుండా ఉంటే భద్రంగా ఉన్నట్టేనని వాళ్ళ లెక్క. పరుపులకు, బిందెల మూటలకు ఆ లెక్క సరిపోతుందేమో గానీ సైకిలుకు సరిపోదు.

ఈ మధ్య గిద్దలూరులో పాత ఇల్లు ఖాళీ చేసి మార్కాపురం చేరాం. మా నాన్న హెర్క్యులస్ సైకిలును సామాను లారీలోనే ఎక్కిద్దామని నేను పట్టుబట్టాను. లారీలో బీరువాలు తగిలి గీతలు పడతాయని, తన కారు మీద జాగ్రత్తగా తెస్తానని మా మేనల్లుడు అడ్డుపడ్డాడు. వాడి మాటలో ప్రేమే ఉంది, కాదనను. లారీతో పాటు నేను ముందు బయల్దేరాను. వాడు వెనకాల కారు క్యారియర్ మీద సైకిలును పక్కకు పడుకోబెట్టి, దాని మీద పరుపులు, చాపల చుట్ట వేసి, నైలాన్ తాడు చక్రాల మీదుగా తిప్పి బిగించాడు. బేస్తవారిపేట, కంభం దాటి వచ్చే దారిలో ప్రతి స్పీడ్ బ్రేకరు దగ్గరా ఆ బరువంతా చక్రాల పక్క మీదే పడింది.

దించి చూస్తే ముందు చక్రం ఫోర్కులో తిరగడమే లేదు. ఒకచోట కుడికి, ఇంకోచోట ఎడమకు వంగి బ్రేకు రబ్బర్లకు పట్టేసింది. హ్యాండిల్ నుంచి కిందికి దిగే బ్రేకు కడ్డీ వంకరపోయింది. చైన్ కవరు కారు కమ్మీకి నొక్కుకుని సొట్టపడింది. ఆ కవరు నల్లరంగు మీద సన్నగా బంగారు రంగు గీత ఒకటి పారుతుంటుంది. అది జానెడు మేర లేచిపోయి ఇనుము బయటపడింది.

సైకిలు చక్రంలో ఉన్న తెలివి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. పాతకాలపు పెద్ద సైకిళ్ళలో ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. ఒక్క పుల్లను తీసి రెండు చేతులతో నొక్కితే చిన్నపిల్లవాడైనా వంచేస్తాడు. అదే పుల్లను రెండు కొసలా పట్టుకుని లాగమనండి, బలమైన మనిషి కూడా తెంపలేడు. సైకిలు చక్రం నిలబడేది ఆ లాగుడు మీద. పుల్లలన్నీ రిమ్మును లోపలికి లాగుతుంటాయి, రిమ్ము వాటికి ఎదురు నిలుస్తుంది. పై నుంచి బరువు పడితే చక్రం మొత్తం పంచుకుంటుంది. అందుకే వెనకాల వడ్ల బస్తా, ముందు కడ్డీ మీద పిల్లవాడు, సీటు మీద మనిషి ఉన్నా అది గులకరాళ్ళ బాటలో చెక్కుచెదరకుండా పోతుంది. పక్క నుంచి వచ్చే తోపుడుకు మాత్రం దాని దగ్గర జవాబు తక్కువ. సగం పుల్లలు హబ్బు కుడి అంచు నుంచి, సగం ఎడమ అంచు నుంచి బయల్దేరతాయి. ఆ అంచుల మధ్య ఎడం బెత్తెడైనా ఉండదు. 28 అంగుళాల చక్రం అటూ ఇటూ ఒరగకుండా నిలిచేది ఆ కాస్త వెడల్పు ఆసరాతోనే. అంత ఎత్తు చక్రాన్ని వెల్లకిలా పరిచి మీద పరుపులు వేసి తాడు బిగిస్తే అది ఏం చేస్తుంది?

పైగా ఇది కడ్డీ బ్రేకుల బండి. తీగ బ్రేకుల్లా పక్కల నుంచి కాకుండా, బ్రేకు నొక్కితే కడ్డీలు పైకి లేచి రబ్బర్లు రిమ్ము లోపలి వైపును పట్టుకుంటాయి. ఆ రబ్బర్లకు, రిమ్ముకు మధ్య ఉండే సందు ఎంతో తక్కువ. రిమ్ము కాస్త బెండు వచ్చినా చక్రం ముందుకు సాగదు.

మార్కాపురంలో పుట్టిన మా మేనల్లుడికి ఇదంతా నేను చెప్పాలా అని నా బాధ. ఇది పలకల ఊరు. రాతి పలకను నిలువుగా, అంచు మీద వరుసగా పేరిస్తే ఎంత దూరమైనా పోతుంది. పడుకోబెట్టి పైన బరువు పెడితే ఊరు దాటకముందే పగులుతుంది. ఒకప్పుడు బడిపిల్లల పలకలైనా, ఇప్పుడు నేలకూ గోడలకూ వేసే రాతి బిళ్ళలైనా, రాతితో బతికే ఊళ్ళో ఆ సంగతి తెలియనివాళ్ళు ఉండరు. మా వాడు ఆ రాయి మోసే లారీల మధ్యనే పెరిగాడు. రాయికి ఇచ్చిన మర్యాద చక్రానికి ఎందుకు ఇవ్వలేదు?

బస్సుల పైన సామాను వేసే రోజుల్లో ఇలా జరిగేది కాదు. గిద్దలూరు బస్టాండులో హమాలీ అందరి మూటలూ ఎక్కాక చివర్న సైకిలు అందుకునేవాడు. దాని మీద ఇంకో సంచి పెట్టనిచ్చేవాడు కాదు, దించేటప్పుడు ముందు దాన్నే దించేవాడు. రైలైతే ఇంకా నయం. మా లైను 1990లలో బ్రాడ్‌గేజి కాకముందు, మీటరుగేజి ప్యాసింజరు బండ్లు దిగువమెట్ట దాటి నల్లమలలోకి మెలికలు తిరుగుతూ పోయేవి. సైకిలుకు టికెట్టు రాయిస్తే బ్రేకు వ్యానులో గోడకు ఆనించి నిలబెట్టేవాళ్ళు. దాని చక్రాల మీద అదే నిలబడి నంద్యాల చేరేది. ఇప్పుడు హైదరాబాదులో, బెంగళూరులో లక్షలు పోసి కార్బన్ సైకిళ్ళు కొనే కుర్రాళ్ళు కూడా కారు మీద బండిని నిలువుగానే ఉంచుతారు. ఫ్రేము గొట్టాన్ని గట్టిగా పట్టే పట్టీ వాడితే కార్బన్ నలుగుతుందని, టైర్లను మాత్రమే పట్టుకునే ర్యాకులు ఏరి కొంటారు. ఎక్కడ పట్టుకోవాలో తెలిసినవాళ్ళు వాళ్ళు. వాళ్ళంటే నాకు గౌరవం.

"పాతదే గదా మామా, కొత్తది కొనిస్తాలే" అన్నాడు మా వాడు. చక్రం వంగినందుకు కన్నా ఆ మాటకు నాకు ఎక్కువ కష్టం కలిగింది. ఇప్పటికీ తగ్గలేదు.

నాన్న మలేరియా శాఖలో సర్వైలెన్స్ వర్కరుగా చేశారు. దేశమంతటా మలేరియా నిర్మూలన కార్యక్రమం 1958లో మొదలైంది. సుమారు 10,000 మంది జనాభాకు ఒక వర్కరు. పదిహేను రోజులకోసారి ప్రతి గడపా ఎక్కి, ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిందా అని అడగాలి. వచ్చిందంటే వేలి కొస పొడిచి గాజు పలక మీద రక్తపు చుక్క పూయాలి, క్లోరోక్విన్ బిళ్ళలు దగ్గరుండి మింగించాలి, గోడ మీద వేసిన గళ్ళలో తారీఖు రాసి సంతకం పెట్టాలి. నాన్న ఉద్యోగంలో చేరేనాటికి గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. హెర్క్యులస్ కొన్నది సైకిలు అడ్వాన్సు తీసుకుని. ఆ అప్పు నెలనెలా జీతంలో కోతపడేది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో మొదలైన టీఐ సైకిల్స్ వాళ్ళ బండి అది. పంచాయతీకి పన్ను కట్టినందుకు ఇచ్చిన బిళ్ళ ఇప్పటికీ హ్యాండిల్ కింద వేలాడుతోంది.

ముండ్లపాడు, కృష్ణంశెట్టిపల్లె, అడవి అంచున ఉన్న చిన్న చిన్న గూడేలు, అన్నిటికీ ఆ సైకిలే. వెనక క్యారియర్ మీద చెక్కపెట్టె కట్టి ఉండేది. పెట్టె లోపల రెండు వైపులా గాళ్ళు కోసి ఉంటాయి. రక్తం పూసిన గాజు పలకలను ఒక్కొక్కటిగా ఆ గాళ్ళలో నిలువుగా దించేవారు. ఒకదానికొకటి తగలవు, పూత చెరగదు. రాళ్ళ బాటలో, వాగుల ఇసకలో ఆ పెట్టె ఊగుతూ వచ్చేది. సాయంత్రం అరుగు మీద పెట్టి మూత తీస్తే గాజు పలకలన్నీ పొద్దున పెట్టినట్టే ఉండేవి. అంత పల్చని గాజును పగలనివ్వకుండా అన్నేళ్ళు మోసిన సైకిలును ఒక్క ప్రయాణంలో ఇలా చేశారు. దాని బదులు కొత్తది ఎక్కడ దొరుకుతుంది?

మార్కాపురంలో ఒక పెద్దాయన ఇంకా పాత సైకిళ్ళు చూస్తున్నాడు. గోనెపట్ట పరిచి, బండిని తిరగేసి, సీటూ హ్యాండిలూ నేలకు ఆనించి నిలబెట్టాడు. ముందు బ్రేకు విప్పి పక్కన పెట్టాడు. ఫోర్కుకు వేళ్ళు ఆనించి, ఆ వేళ్ళ మధ్య బలపం పట్టుకుని చక్రాన్ని మెల్లగా తిప్పాడు. రిమ్ము పక్కకు పొంగిన చోటల్లా బలపం తగిలి తెల్లగా గీత పడింది. గీత పడిన చోట ఆ వైపు పుల్లల నిపుల్స్ పావు చుట్టు వదులు చేసి, అవతలి వైపువి పావు చుట్టు బిగించాడు. ఒకేసారి ఎక్కువ తిప్పడు. మళ్ళీ చక్రం తిప్పి, పాత గీత తుడిచి, కొత్త గీత చూసుకున్నాడు. పుల్లలను జంటలుగా వేళ్ళతో నొక్కి బిగువు చూస్తూ పోయాడు. చీకటి పడేదాకా ఆయన పక్కనే కూర్చున్నాను. రిమ్ము మార్చేస్తే పని తేలికన్నాడు. వద్దన్నాను. ఇది ఇనుము కాబట్టి వంగినా వెనక్కి వస్తుంది, అదే అల్యూమినియం అయితే నేనూ ఒప్పుకునేవాణ్ణి. చివరికి చక్రం తిరిగింది. ఒకచోట కాస్త ఊగుతుంది, ఉండనీ. బంగారు గీతకు మాత్రం మనిషి దొరకలేదు. బండి మొత్తానికి కొత్త రంగు కొట్టిస్తానని మా వాడు అంటున్నాడు, నేను ఒప్పుకోను. క్యారియర్ మీద చెక్కపెట్టె రాసుకుని అరిగిన చోటు ఉంది, అది రంగు కింద పోవడం నాకు ఇష్టం లేదు.

పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారని మనవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. చెప్పుకోదగ్గ సంగతే, నేనూ మా పిల్లలకు చెప్పాను. ఆ తర్వాతి ఏళ్ళలో నల్లమల అంచున జ్వరాల కోసం ఇల్లిల్లూ తిరిగినవాళ్ళు, ఉత్తరాలు మోసినవాళ్ళు, టీకాలు వేసినవాళ్ళు సైకిళ్ళు తొక్కారు. వాళ్ళ పేర్లు ఎవరూ రాసుకోలేదు. ఇప్పుడు ఆ జ్వరాల పని ఆశా కార్యకర్తల మీద పడింది. మా వైపు పల్లెల్లో చాలామంది కాలినడకనే తిరుగుతున్నారు, మే నెల ఎండలో కూడా. వాళ్ళకు తలా ఒక మంచి సైకిలు ఇవ్వాలి. ముందు బుట్ట, వెనక గట్టి క్యారియర్, చీర చిక్కుకోకుండా చైన్ కవరు ఉన్న బండి ఇవ్వాలి. మా మండలంలో ఎవరైనా పూనుకుంటే నా వంతు డబ్బు నేను వేస్తాను. కొత్త సైకిలు కొనిస్తానన్న మా మేనల్లుడి చేత కూడా ఆ డబ్బు అక్కడే వేయిస్తాను.