చీటీ తప్పు

2025 జనవరి 12, ఆదివారం, ఏలూరు

అక్కయ్య కొడుకు పండక్కి అమెరికా నుంచి వచ్చాడు. పెట్టె తెరిచి, బట్టలకంటే ముందు, నాణేలకి గ్రేడు వేసే సంస్థ ఒకటి బిగించిన ప్లాస్టిక్ పలక నా చేతిలో పెట్టాడు. లోపల ఐదో జార్జి రూపాయి, 1911. పైన చీటీ మీద సంవత్సరం, గ్రేడు, బార్‌కోడు, ఓ నంబరు. సంవత్సరం పక్కన బ్రాకెట్లో సి అక్షరం. సి అంటే కలకత్తా టంకశాల.

“మామయ్యా, భూతద్దం తియ్యి. వెనకవైపు అడుగున తామర పువ్వు కింద చూడు” అన్నాడు.

చూశాను. చుక్క ఉంది. ఆవగింజలో సగం కూడా ఉండదు గానీ ఉబ్బెత్తుగా, స్పష్టంగా ఉంది. చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. బీరువాలోంచి అమ్మ రూపాయి తీసి పక్కన పెట్టాను. అదీ 1911దే. ఒకప్పుడు మెళ్ళో వేసుకునేది, కొక్కెం అతికించిన మచ్చ అంచున ఇప్పటికీ ఉంది. దానికి చుక్క లేదు. అమ్మది కలకత్తా, వీడిది బొంబాయి. వీడి చీటీ మాత్రం కలకత్తా అంటోంది.

చీటీ తప్పుంది కాబట్టే మామూలు ధరకంటే ఎక్కువ పెట్టి కొన్నాడట. అరుదైనదని అమ్మినవాడు చెప్పాడట. ఆ మాట నాకు మింగుడు పడలేదు. పండగ పూట ఏమీ అనలేదు.

జనవరి 13, భోగి

తెల్లవారుజామున మంట దగ్గర మళ్ళీ అదే మాట. “1911 రూపాయి అసలు తప్పుకే కదా పేరుపడింది? ఆ తప్పుకి విలువుంటే ఈ తప్పుకి ఎందుకుండదు?”

మంచి ప్రశ్నే. ఆ ఏడాది రూపాయి మీద రాజు వేసుకున్న హారంలో ఏనుగు బొమ్మ చెక్కారు. తొండం పొట్టిగా రావడంతో జనానికి పందిలా కనిపించింది. ముస్లిములు అభ్యంతరం చెప్పారు. సర్కారు ఆ నాణేల్ని వెనక్కి తీసుకుని చాలావాటిని కరిగించింది. 1912లో తొండం, చెవులు బాగా తెలిసేలా అచ్చు మార్చారు. అందుకే దాన్ని పంది రూపాయి అంటారు.

ఆ తప్పు వెండిలో ఉంది. అచ్చు దెబ్బతో పుట్టింది, కరిగిస్తే తప్ప పోదు. 1918లో అమెరికాలో విమానం తలకిందులుగా అచ్చయిన తపాలా బిళ్ళ సంగతీ అంతే. ఒకే ఒక షీటు, వంద బిళ్ళలు బయటికొచ్చాయి, ఆ లెక్క ఇక పెరగదు. చీటీ మీది అక్షరం అలాంటిది కాదు. నాణెం ముద్రపడి వందేళ్ళు దాటాక, ఎవరో గుమస్తా కీబోర్డు మీద నొక్కిన అక్షరం అది.

జనవరి 15, కనుమ

గుమస్తా అనే మాట రాసినప్పటినుంచి నిద్ర సరిగా పట్టలేదు.

ముప్ఫై ఏళ్ళు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల కమీషన్ కొట్లో చీటీలు రాశాను. పొద్దున్నే ఏలూరులో బండెక్కితే దెందులూరు, భీమడోలు, పూళ్ళ, ఉంగుటూరు దాటి గూడెం. లారీ దిగిన లాటుకి రైతు పేరు, ఊరు, బస్తాలు, కాటా తూకం, రకం. వేలం ఆ చీటీని చూసే సాగుతుంది. ఒకరోజు కర్నూలు లాటు చీటీ మహారాష్ట్ర లాటు మీద, దాని చీటీ దీని మీద పెట్టేశాను. పాట అయిపోయింది, డబ్బూ కట్టేశారు. రాత్రి పద్దులు సరిచూసేటప్పుడు గానీ గుర్తించలేదు. కర్నూలు రైతు అప్పటికే బండెక్కేశాడు. తక్కువ పడింది అతనికే. మర్నాడు యజమానితో చెప్పి తేడా మనియార్డరు పంపించాను. అతను డబ్బందిందని ఉత్తరం రాశాడు గానీ మళ్ళీ మా కొట్టుకి సరుకు తేలేదు.

చీటీ తప్పు రాస్తే ఎవరో ఒకరు నష్టపోతారు. అది నేను చూశాను. అందుకే దాన్ని అరుదైన వస్తువని పిలవడం వింటే మనసుకి కష్టంగా ఉంది.

మధ్యాహ్నం మేనల్లుడు ఫోన్లో ఆ గ్రేడింగు సంస్థల నిబంధనలు చదివి వినిపించాడు. పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలయ్యాయి. 1 నుంచి 70 వరకు అంకె వేసి పలకలో బిగిస్తాయి. అంకె మీద హామీ ఇస్తాయి గానీ, పైకే కనబడే రాత తప్పులు హామీ కిందకి రావు. వాటిని మెకానికల్ ఎర్రర్ అంటారు. పంపిస్తే దిద్ది మళ్ళీ బిగిస్తారు. అంటే, మామూలు నాణేనికి అరుదైన రకం పేరు పొరపాటున పడితే, ఆ కాగితాన్ని నమ్మి పెద్ద ధర పెట్టినవాడికి హామీ నుంచి ఏమీ రాదు. పైగా దొంగ పలకలు చేసేవాళ్ళూ ఉన్నారు. నాణేనికీ చీటీకీ పొంతన లేకపోవడం దొంగ పలకకి ఒక గుర్తు. నంబరు కొట్టి చూశాం, సంస్థ రికార్డులోనూ సి అనే ఉంది. కాబట్టి వీడిది దొంగ పలక కాకపోవచ్చు, రాసినవాడి తప్పే అయ్యుండాలి.

జనవరి 17, శుక్రవారం

కొల్లేటికోట వెళ్ళాం. పెద్దింట్లమ్మకి దణ్ణం పెట్టుకుని, లంకలో ఉన్న పిన్ని ఇంటికి. దారిలో చెరువు గట్ల మీద గూడబాతులు.

పిన్నికి ఎనభై దాటాయి. పలక చేతికిస్తే ముందు చెవి దగ్గర పెట్టుకుంది, మోగదని తిరిగిచ్చేసింది. అమ్మ రూపాయిని గచ్చు మీద వేసి మోగించింది. “కంసాలి ఇదే తూకానికి పెట్టేవాడురా, రూపాయంటే తులం” అంది. నిజమే. పదకొండున్నర గ్రాముల పైచిలుకు, అప్పటి తులం బరువు. గొలుసు చేయించాలన్నా మొలతాడు చేయించాలన్నా తక్కెట్లో రూపాయే రాయి. దానికి చీటీ అక్కర్లేకపోయింది.

పిన్ని పద్ధతి ఇప్పుడు చెల్లదు, ఒప్పుకుంటాను. నకిలీ నాణేలు ఇంతగా పెరిగాక దూరాన ఉన్నవాడు చీటీని నమ్మక తప్పదు. నమ్మక తప్పదు కాబట్టే అది సరిగ్గా ఉండాలి.

జనవరి 19, ఆదివారం, ఏలూరు

వాడు వదల్లేదు. ఎన్‌జీసీ మొదట్లో నల్లరంగు పలకలు కొద్దికాలం వాడి, తర్వాత తెల్లవి తెచ్చిందట. ఆ నల్ల పలక ఉంటే లోపలి నాణెం ఏదైనా పోటీపడి కొంటారట. పెట్టెకే విలువున్నప్పుడు చీటీకి ఎందుకుండదు?

దీనికి చాలాసేపు ఆలోచించాను. నల్ల పలకలు ఆగిపోయాయి, ఇక రావు. ఈ వ్యాపారం ఎలా మొదలైందో చెప్పే వస్తువులవి, అందుకు దాచుకోవడం నాకు అర్థమవుతుంది. రాత తప్పులు ఇవాళా పడతాయి, రేపూ పడతాయి. ఎన్నున్నాయో ఎవరూ లెక్కించలేదు, దిద్దించుకుంటే మాయమైపోతాయి. ఇష్టపడి కొనేవాడు ఒకడు దొరకొచ్చు. మళ్ళీ అమ్మాలంటే అదే ఇష్టమున్న ఇంకొకడు దొరకాలి. వీడు ఎక్కువ పెట్టిన డబ్బు ఆ ఇంకొకడి మీద ఆశతో పెట్టిందే. ఈ మాట వాడికి మెత్తగానే చెప్పాను. “నిజమే అనుకో మామయ్యా” అన్నాడు, కొంచెం చిన్నబోయాడు.

దిద్దించడానికి తిరిగి తీసుకెళ్తానన్నాడు. వద్దన్నాను. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువే, మామూలు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. తెచ్చింది వాడే అయినా సరే. పలక ఇక్కడే ఉంటుంది.

కొట్లో చీటీ తప్పు పోతే చింపేవాళ్ళం కాదు. గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టేవాళ్ళం. పలకని పగలగొట్టను. సాయంత్రం మందపాటి కాగితం ముక్క కత్తిరించి రాశాను: “ఇది బొంబాయి టంకశాల రూపాయి. తామర కింద చుక్క చూడవలెను. పై చీటీలో సి అని ఉన్నది తప్పు.” తేదీ వేసి సంతకం చేశాను. మేనల్లుణ్ణీ చెయ్యమన్నాను, వాడూ చేశాడు. పలకకి దారం చుట్టి, అమ్మ రూపాయి పక్కన, బీరువాలో పెట్టాను.