నిండుకుండలో మట్టెంత?

ఒక వస్తువు ఆక్రమించుకునే చోటునే దాని ఘనపరిమాణం అంటారు. హైస్కూల్లో మనందరం బట్టీ పట్టి మార్కులు కొట్టేసిన నిర్వచనమే. ఆ తర్వాత ఎంసెట్ గొడవలో పడి ఫార్ములాలు మిగిలాయి, మాట మర్చిపోయాం. నాకైతే ఆ వాక్యంలో అసలు పదం "ఆక్రమించుకోవడం" అనిపిస్తుంది. ఒకటి కూర్చున్న చోట ఇంకోటి కూర్చోలేదు. అంతే సంగతి.

ల్యాబ్‌లో కొలజాడీలో నీళ్ళు పోసి, దారం కట్టిన రాయిని దించితే నీటిమట్టం పైకి లేచేది, గుర్తుందా? ఇప్పుడు ఆ జాడీని శ్రీశైలం డ్యామ్ అనుకోండి. రాయి బదులు కృష్ణ, తుంగభద్ర మోసుకొచ్చే ఒండ్రు. జాడీలో అయితే నీరు పైకి జరుగుతుంది. డ్యామ్‌లో ఆ వీలు లేదు. పూర్తి మట్టం 885 అడుగులు, అది దాటితే గేట్లెత్తి వదిలెయ్యాల్సిందే. అంటే మట్టి ఎంత చోటు తీసుకుంటే, నీళ్ళు అంత తగ్గినట్టే.

లెక్క చూడండి. శ్రీశైలం కట్టినప్పుడు సామర్థ్యం 308 టీఎంసీలు. తర్వాతి సర్వేల్లో తేలింది సుమారు 215. నాగార్జునసాగర్ 408 నుంచి 312కి పడింది. ఒక్క టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, దాదాపు 2,831 కోట్ల లీటర్లు. పదివేల లీటర్ల వాటర్ ట్యాంకర్లయితే 28 లక్షల పైచిలుకు. శ్రీశైలంలో పోయినవి అలాంటివి తొంభై రెండు!

మాది సాగర్ కుడికాలువ చివరి ఊరు. వానాకాలంలో టీవీలో గేట్లెత్తడం చూడగానే నాన్న ఫోన్ చేస్తాడు. "డ్యామ్ నిండిందిరా, ఈసారి రెండో పంటకి ఢోకా లేదు" అని. ఆయన నమ్ముకున్నది అడుగుల్ని. పొలానికి కావాల్సింది టీఎంసీలు. 885 అప్పుడూ 885యే, ఇప్పుడూ 885యే, కింద ఉన్న నీళ్ళు మాత్రం అవి కావు. తేడా పడిన ఏడాది ముందు ఎండేది కాలువ చివరి పొలాలే. హైదరాబాద్‌లో మన కుళాయిల్లోకి వచ్చే కృష్ణా నీళ్ళు కూడా ఆ సాగర్‌వే, మర్చిపోకండి.

మన ఫీల్డులో అయితే డిస్క్ నిండితే పాత లాగ్ ఫైళ్ళు డిలీట్ చేసి చేతులు దులుపుకుంటాం. డ్యామ్‌కి ఆ కమాండ్ లేదు. తవ్వి తీద్దామా అంటే, ఆ మట్టి కూడా ఇంకెక్కడో చోటు ఆక్రమించుకోవాలి కదా! ఎగువన చెట్లు నిలబెట్టి, వాగుల మీద చిన్న చిన్న అడ్డుకట్టలు కట్టి, మట్టిని పుట్టినచోటే ఆపడం చవక. కాకపోతే దానికి శిలాఫలకాలు, రిబ్బన్ కటింగులు ఉండవు.

ఈసారి టీవీవాళ్ళు "నిండుకుండలా కళకళలాడుతున్న జలాశయం" అన్నప్పుడు ఒక్క క్షణం ఆగండి. సగం మట్టి ఉన్న కుండ కూడా నిండుకుండే.