గ్రీన్ కార్డు రాకముందే

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళ కోరికల చిట్టాలన్నీ దాదాపు ఒకే చేత్తో రాసినట్టుంటాయి. నార్వే వెళ్ళి రాత్రి ఆకాశంలో పచ్చటి వెలుగులు చూడాలి. కెన్యాలో జీపెక్కి సింహాన్ని చూడాలి. మచు పిచ్చు ఎక్కాలి. ఆస్ట్రేలియాలో కంగారూ పక్కన నిలబడి ఫొటో దిగాలి. అన్నిటికీ షరతు మాత్రం ఒక్కటే: గ్రీన్ కార్డు వచ్చాక. ఎందుకంటే దేశం దాటితే తిరిగి రావడానికి పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ కావాలి. స్టాంపింగ్‌కి స్లాట్ దొరకాలి. దొరికినా కిటికీ అవతల కూర్చున్న ఆఫీసరు ఏమంటాడో తెలీదు. గ్రీన్ కార్డు వరసలో ప్రయారిటీ డేటు కదిలే తీరు చూస్తే పిల్లల పెళ్ళిళ్ళు ముందు అయ్యేలా ఉన్నాయి. అందుకని సింహం కెన్యాలో, మనం కమ్మింగ్‌లో ఎక్కడివాళ్ళం అక్కడే ఉంటాం.

కమ్మింగ్ అట్లాంటాకి ఉత్తరాన, జార్జియా 400 హైవే మీద నలభై మైళ్ళ దూరంలో ఉంది. ఫోర్సైత్ కౌంటీకి ముఖ్య పట్టణం. 2020 జనాభా లెక్కల్లో కౌంటీ జనం రెండున్నర లక్షలు దాటారు. అందులో ఆరోవంతు పైచిలుకు ఆసియా మూలాలవాళ్ళే. కౌంటీ దక్షిణాన ఏ సబ్‌డివిజన్‌లో తిరిగినా గుమ్మాలకి ప్లాస్టిక్ మామిడాకుల తోరణాలు, సాయంత్రమైతే ఇంగువ పోపు వాసన. మనవాళ్ళు స్కూలు రేటింగు చూస్తారు, తూర్పు గుమ్మం చూస్తారు, ఇండియన్ స్టోరుకి ఎన్ని నిమిషాలో చూస్తారు, ఇల్లు కొనేస్తారు. ఆ ఇల్లు అడవి అంచున ఉందన్న సంగతి మొదటి వేసవిలో గాని తెలిసిరాదు.

మాకు ఆ సంగతి చెప్పింది గోంగూర మడి. జార్జియా ఎండకి గోంగూర మన ఊళ్ళోలాగే ఏపుగా పెరుగుతుంది. నడుమెత్తు పెరిగిన మొక్కలు ఒక పొద్దుటికల్లా మోకాలెత్తుకి వచ్చాయి. చిగుళ్ళన్నీ ఎవరో గిల్లుకుపోయినట్టు ఉన్నాయి. ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మ మడి చుట్టూ ఒకసారి తిరిగి, తడినేల మీద చీలిన గిట్టల గుర్తులు చూసింది. "ఊరికే గింజుకోకే. పై చిగుళ్ళేగా తిన్నాయి, పక్క కొమ్మలేస్తుంది" అంది. వేసింది కూడా. ఆ ఏడాది పచ్చడి రెండు జాడీలు ఎక్కువే పట్టాం.

ఆ రోజు నుంచి అమ్మ జింకల మీద నిఘా పెట్టింది. అవి చీకటి పడబోయే ముందు వస్తాయి. ఆడజింక ముందుగా చెట్ల అంచున ఆగుతుంది. చెవులు రెండూ రెండు వైపులకి తిప్పుతుంది. అనుమానం వస్తే ముందుకాలితో నేలని గట్టిగా తొక్కుతుంది. అప్పటికీ మనం కదలకపోతే మళ్ళీ తొక్కుతుంది. కదిలామా, తోక పైకెత్తి, కింద తెల్లటి భాగం అంతా కనబడేలా, మందకి మంద చెట్లలోకి దూకేస్తుంది. ఇదంతా నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. డెక్ మీద కాఫీ గ్లాసుతో కూర్చున్న అమ్మ పక్కన కూర్చుని చూశాను.

ఇక్కడికి వచ్చే అమ్మానాన్నల గురించి మనం ఎప్పుడూ జాలిగానే మాట్లాడుకుంటాం. ఆరునెలలు ఉంటారు, కారు నడపలేరు, పాల ప్యాకెట్‌కి కూడా మన మీద ఆధారపడాలి, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు అని. ఆ జాలిలో ఒక విషయం మర్చిపోతాం. రోజంతా ఒకేచోట ఉండి, ఒకే చెట్టుని చూసే తీరిక ఈ కౌంటీలో వాళ్ళకే ఉంది. మనకి హైవే ఎగ్జిట్ల నంబర్లు కంఠతా వచ్చు. ఏ కొమ్మ మీద వడ్రంగిపిట్ట పని మొదలెట్టిందో వాళ్ళకి తెలుసు.

దూరపు కోరికకి డబ్బూ సెలవూ గ్రీన్ కార్డూ ఉంటే చాలు. టికెట్టు కొంటే మిగతాదంతా టూరు కంపెనీ చూసుకుంటుంది. దగ్గరి కోరికని కొనడానికి లేదు. దానికి వేళ తెలియాలి. పక్షులకీ జంతువులకీ వాటి పంచాంగం వాటికి ఉంటుంది. మన ఆఫీసు క్యాలెండరుతో దానికి సంబంధం లేదు.

ఉదాహరణకి హమ్మింగ్ బర్డ్. మన తేనెపిట్ట కంటే కూడా చిన్నది. మగదానికి గొంతు దగ్గర కెంపు రంగు మెరుపు. బరువు మూడు గ్రాముల చిల్లర. మధ్య అమెరికాలో చలికాలం గడిపి, వాటిలో చాలావరకు గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీద ఎక్కడా వాలకుండా ఐదువందల మైళ్ళు ఎగిరి, మార్చి చివరికల్లా జార్జియా చేరతాయి. అక్టోబరు వచ్చేసరికి వెళ్ళిపోతాయి. వాటికోసం సీసా వేలాడదీయాలంటే ఒక వంతు చక్కెరకి నాలుగు వంతుల నీళ్ళు కలపాలి. ఎర్ర రంగు వెయ్యకూడదు, తేనె అసలే కలపకూడదు. వేసవిలో రెండు మూడు రోజులకోసారి సీసా కడగకపోతే బూజు పడుతుంది. అమ్మ కొలత గ్లాసుతో ఈ పానకం కలిపి, డెక్ చూరుకి కట్టి, కుర్చీ వేసుకుని కూర్చునేది. చూస్తుండగానే ఒక మగపిట్ట మిగతా అన్నిటినీ తరిమేసి సీసా తనదే అన్నట్టు కాపలా కాసేది. "వీడు మన ఊరి రేషన్ డీలరే" అని అమ్మ తేల్చేసింది.

మా సుళ్ళూరుపేట మిత్రుడొకాయనకి పక్షులంటే పిచ్చి పట్టింది కమ్మింగ్ వచ్చాకే. నేలపట్టు పక్షుల కేంద్రం వాళ్ళ ఊరికి అరగంట ప్రయాణం. గూడబాతులు అక్కడే చెట్లమీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పులికాట్‌లో ఫ్లెమింగోలు దిగితే ఊళ్ళో పండగే చేస్తారు. ఇంటర్ చదువు, ఎంసెట్ కోచింగు, ఇంజినీరింగు, వీసా ఇంటర్వ్యూ అంటూ పరిగెత్తిన మనిషికి ఆ అరగంట దారి ఎప్పుడూ కుదరలేదు. ఇప్పుడు నవంబరు రాగానే చెవులు రిక్కించి కూర్చుంటాడు. గ్రేట్ లేక్స్ ప్రాంతం నుంచి ఫ్లోరిడా వైపు పోయే శాండ్‌హిల్ క్రేన్లు, మన సారసల చుట్టాలు, ఉత్తర జార్జియా మీదుగానే వెళ్తాయి. ఫిబ్రవరిలో మళ్ళీ ఇదే దారిన వెనక్కి వస్తాయి. అవి కనబడకముందే వినబడతాయి. గొంతులో గులకరాళ్ళు వేసి ఊదినట్టు ఒక కూత, మైళ్ళ దూరం పాకుతుంది. పగటి వేడికి పైకి లేచే గాలి మీద గిరికీలు కొట్టి, ఎత్తు అందుకున్నాక బారుగా సర్దుకుని సాగిపోతాయి. నేను మీటింగులో ఉండగా అమ్మ తలుపు తోసుకొచ్చి "ముందు బయటికి రా" అన్న రోజు, మ్యూట్‌లో పెట్టి చెప్పుల్లేకుండా పరిగెత్తాను. మా టీములో ఎవరూ ఆ ఐదు నిమిషాలు నేను లేనని గమనించలేదు. అది కూడా ఒక పాఠమే.

కొండ కావాలంటే సానీ కొండ ఉంది. రెండువేల అడుగులకి కాస్త తక్కువ. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కిన కాళ్ళకి ఇదొక లెక్క కాదు. పైన ఇండియన్ సీట్స్ అనే రాతి గద్దెలు ఉత్తరానికి తిరిగి ఉంటాయి. అక్కడ కూర్చుంటే ఎదురుగా బ్లూ రిడ్జ్ కొండలు ఒకదాని వెనక ఒకటి నీలంగా పేర్చినట్టు కనబడతాయి. దారిలో పాత బంగారు గని సొరంగం ఒకటి కంచె వేసి ఉంటుంది. 1829 నాటికి ఈ పక్కనే డాలొనెగా దగ్గర బంగారం కోసం జనం ఎగబడ్డారు. ఈ నేలంతా అప్పుడు చెరోకీలది. 1832లో రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళ భూముల్ని లాటరీ వేసి తెల్లవాళ్ళకి పంచిపెట్టింది. బంగారం ఉందనుకున్న చోట నలభై ఎకరాల ముక్కలుగా కోసింది. 1838లో చెరోకీలని సైన్యంతో వెళ్ళగొట్టించారు. హెచ్-1బి వీసా లాటరీలో పేరు తగిలి ఇక్కడికొచ్చినవాళ్ళం మనం. ఆ రాతి గద్దె మీద కూర్చున్నప్పుడు ఆ పాత లాటరీ గుర్తు రాకుండా ఉండదు.

ఇంకో చరిత్ర కూడా ఉంది. 1912లో ఈ కౌంటీలో ఉన్న నల్లజాతివాళ్ళని, దాదాపు పదకొండు వందలమందిని, బెదిరించి తరిమేశారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు మరో రంగు మనిషి ఇక్కడ కారు ఆపడానికి కూడా జంకేవాడు. 1987 జనవరిలో దాని మీద నిరసనగా ఇరవై వేలమంది కమ్మింగ్ వీధుల్లో నడిచారు. ఇవాళ చుడీదారు మీద స్వెటరు వేసుకున్న మా అమ్మ, చేతికర్రతో సానీ కొండ దారిలో ఎదురైన ప్రతివాళ్ళకీ "హాయ్" చెప్పుకుంటూ పోగలుగుతోందంటే, ముందు కొంతమంది రాళ్ళదెబ్బలు తిని నడిచారు కాబట్టి.

నీళ్ళ సంగతికొస్తే లేక్ లేనియర్. ఇది దేవుడిచ్చిన సరస్సు కాదు, చట్టహూచీ నదికి బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టి నింపిన జలాశయం. 1950లో పని మొదలుపెట్టి 1956లో నీళ్ళు ఆపారు. అటు మన నాగార్జునసాగర్‌కి నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబరులో. సాగర్ కింద విజయపురి మునిగింది, లేనియర్ కింద పొలాలు, ఊళ్ళు, రోడ్లు మునిగాయి. ఇక్కడి దీవులన్నీ ఒకప్పటి కొండకొమ్ములే. 2007 కరువులో నీటిమట్టం ఇరవై అడుగులు దిగితే, ఏనాడో మునిగిన కాంక్రీటు మెట్లు, మొద్దులు బయటపడ్డాయి. చలికాలంలో ఉత్తరాది నుంచి లూన్ అనే నీటిపక్షులు ఈ సరస్సు మీదకి దిగుతాయి. ఒక్కోసారి మునిగితే ఎక్కడ తేలుతాయో పందెం వేసుకోవచ్చు.

నాకు మాత్రం డ్యామ్ పైభాగం కంటే కిందిభాగం ఇష్టం. జలాశయం అడుగునుంచి వదిలే నీళ్ళు కాబట్టి నడివేసవిలో కూడా నది గడ్డకట్టించేంత చల్లగా ఉంటుంది. జూలై పొద్దున వెచ్చటి గాలి ఆ చల్లటి నీటిని తాకి నది నిండా మంచు లేస్తుంది. ఈ చలి వల్లే, మామూలుగా ఇంత దక్షిణాన బతకని ట్రౌట్ చేపలు ఇక్కడ బతుకుతున్నాయి. రాష్ట్రంవాళ్ళ హ్యాచరీ ఒకటి దగ్గర్లోనే ఉంది, అక్కడ పెంచి నదిలో వదులుతారు. పట్టాలంటే లైసెన్సు తీసుకోవాలి, పదహారేళ్ళలోపు పిల్లలకి అక్కర్లేదు. మొలలోతు నీళ్ళలో నిలబడి, ఈక కట్టిన గాలాన్ని తలమీదుగా విసురుతూ గంటలు గడిపేవాళ్ళలో మన కుర్రాళ్ళు కూడా కనబడుతున్నారు. పట్టిన చేపని కొలిచి, ఫొటో తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. "వదిలేసేదానికి దాని మూతి చీల్చడం దేనికి?" అని అమ్మ అడిగిన ప్రశ్నకి వాళ్ళలో ఒక్కరూ సరైన జవాబు చెప్పలేకపోయారు.

అక్కడొక హారన్ ఉంది. కరెంటు కోసం డ్యామ్ నుంచి నీళ్ళు వదిలే ముందు అది మోగుతుంది. మోగిందంటే గాలం, బుట్ట, మాట, అన్నీ మధ్యలో వదిలేసి గట్టెక్కాల్సిందే. నిమిషాల్లో నది ఎత్తు పెరిగి, ఇందాక మనం నిలబడ్డ రాయి కనబడకుండా పోతుంది. అందుకే డ్యామ్ దగ్గర్నుంచి హైవే 20 వంతెన దాకా నీళ్ళలో దిగినవాళ్ళందరూ లైఫ్ జాకెట్ తొడుక్కోవాలన్నది చట్టం. ఈత బాగా వచ్చు కదా అని ఎదురు చెప్పే మగవాళ్ళకి కూడా ఇదే చట్టం.

పిల్లల చిట్టాలో మరికొన్ని ఉంటాయి. గుర్రం ఎక్కాలి, మేకపిల్లకి పాలు పట్టాలి. చుట్టుపక్కల పొలాల్లో గంటకింత అని తీసుకుని గుర్రం ఎక్కించేవాళ్ళున్నారు. మనవాళ్ళలో పెళ్ళి బరాత్ రోజు తప్ప గుర్రం ఎక్కని మగవాళ్ళు అక్కడికొచ్చి, పిల్లల్ని ఎక్కించి, తాము ఫొటోలు తీస్తూ నిలబడతారు. జలపాతం కావాలంటే అమికలోలా ఉంది, గంటలోపు దూరం, 729 అడుగులు. పక్కనే 604 మెట్లు. జలపాతం కిందనుంచి కాలిబాట పట్టుకుంటే ఎనిమిదిన్నర మైళ్ళ దారి స్ప్రింగర్ కొండకి వెళ్తుంది. ఈశాన్యాన మేన్ రాష్ట్రం దాకా రెండువేల మైళ్ళకి పైగా సాగే అప్పలాచియన్ ట్రెయిల్ అక్కడే మొదలవుతుంది. ఐదునెలల ఆ నడక మనవల్ల కాకపోవచ్చు. మొదటి మైలురాయిని తాకి రావడం మాత్రం ఒక శనివారంలో అయిపోతుంది.

ఎలుగుబంటి పిలవకుండానే వస్తుంది. మే, జూన్‌లలో తల్లి దగ్గర్నుంచి విడిపోయిన కుర్ర ఎలుగులు కొత్త చోటు వెతుక్కుంటూ కొండలు దిగుతాయి. సబ్‌డివిజన్ వాట్సాప్ గ్రూపు అప్పుడు చూడాలి. ఎవరి గరాజ్ కెమెరాలోనో అది చెత్తడబ్బా తిరగేస్తున్న వీడియో వస్తుంది. తరవాత నలభై మెసేజ్‌లు. అటవీశాఖవాళ్ళు చెప్పేది సింపుల్: పక్షుల గింజల డబ్బాలు తీసేయండి, చెత్త ఎత్తేవాడు వచ్చే పొద్దున్నే బయటపెట్టండి, దానికి దారి ఇవ్వండి. ఆ నెలల్లోనే చీకటి పడ్డాక పెరట్లో లైట్లన్నీ ఆర్పేస్తే మిణుగురులు కూడా లేస్తాయి. లైటు ఆర్పినవాళ్ళకే అవి కనిపిస్తాయి, భయపడి అన్ని లైట్లూ వేసుకున్న ఇళ్ళకి కనిపించవు.

కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళు ఏం చూడాలి, ఎక్కడికి వెళ్ళాలి అని అడుగుతుంటారు. మొదటి ఏడాది ఎక్కడికీ టికెట్టు కొనొద్దంటాను. మీ వీధిలో ఎవరింటికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారో కనుక్కోండి. సాయంత్రం ఆరింటికి వాళ్ళ డెక్ మీద ఒక కాఫీ తాగి రండి. జింకలు ఏ దారిన వస్తాయో, గుడ్లగూబ ఏ చెట్టు మీద ఉంటుందో వాళ్ళు వేలు పెట్టి చూపిస్తారు. జింకలు మిగిల్చి ఉంటే, గోంగూర కూడా కట్టిస్తారు.