పోటు గీత

కన్సల్టెంటు బతుకు మీకు తెలియంది కాదు. సోమవారం విమానం ఎక్కడం, గురువారం దిగడం. ఆ వేసవి నా ప్రాజెక్టు అలాస్కాలోని ఏంకరేజిలో పడింది. సియాటిల్లో ఉన్న మా అమ్మాయి, పదహారేళ్ళది, ఫోన్ చేసి "ఈ వీకెండ్ నేనే వస్తా, కయాక్ క్యాంపింగ్‌కి తీసుకెళ్తావా?" అంది. గత ఏడాదిగా ఆ పిల్ల నాతో మాట్లాడిన మాటలన్నీ పోగేస్తే ఒక పేజీ నిండదు. వెంటనే సరే అన్నాను.

జూన్ నెలాఖరు శనివారం పొద్దున్నే విటియర్ బయల్దేరాం. దారిలో పోర్టేజ్ గ్లేసియర్‌ని చూడ్డానికని 1986లో తెరిచిన విజిటర్ సెంటర్ ఉంది. ఇప్పుడు దాని కిటికీల్లోంచి చూస్తే సరస్సు కనిపిస్తుంది, గ్లేసియర్ కనిపించదు. వెనక్కి వెనక్కి జరిగి కొండ మలుపు దాటిపోయింది. "కట్టేముందు ఎవరూ ఆలోచించలేదా?" అంది మా అమ్మాయి. నవ్వేసి ఊరుకున్నాను. తర్వాత రెండున్నర మైళ్ళ సొరంగం. ఒకటే దారి; కాసేపు కార్లు, కాసేపు రైలు వంతులవారీగా వెళ్తాయి.

విటియర్ నుంచి ఒక పడవవాడు మమ్మల్నీ, ఇద్దరు కూర్చునే కయాక్‌నీ బ్లాక్‌స్టోన్ బేలో దింపి, ఆదివారం సాయంత్రం వస్తానని వెళ్ళిపోయాడు. చుక్కాని తిప్పే పెడల్స్ వెనక సీటువాడి కాళ్ళ దగ్గరుంటాయి. అడగకుండానే నేను వెనక కూర్చున్నాను.

నీళ్ళలో తేలే మంచుముక్కలు పోపులో ఆవాల్లా చిటపటలాడుతున్నాయి. ఎన్నో ఏళ్ళ కిందట మంచులో చిక్కుకున్న గాలి బుడగలు పగిలే చప్పుడది. ఒక మంచుపలక మీద సీల్ తల్లి, పక్కన పిల్ల. వాటిని బెదరగొట్టకుండా దూరంగా తిరిగి, గ్లేసియర్‌కి అర మైలు ఇవతలే ఆగిపోయాం. అంతకన్నా దగ్గరికి వెళ్తే, మంచు విరిగిపడినప్పుడు లేచే అల కయాక్‌ని బోర్లా వేసేస్తుంది. మేం చూస్తుండగానే ఇంటంత నీలం పెళ్ళ ఒకటి నిశ్శబ్దంగా జారింది. రెండు క్షణాల తర్వాత ఉరుము వినిపించింది. మా అమ్మాయి వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో!

సాయంత్రం నాలుగింటికి ఒక గులకరాళ్ళ ఒడ్డుకి చేరాం. మధ్యాహ్నం రెండింటి పోటు విడిచిపెట్టిన తడి గీత స్పష్టంగా కనిపిస్తోంది. దానికి నాలుగడుగులు పైన డేరా వేశాను.

"నాన్నా, అక్కడ గడ్డి దగ్గర ఎండిన నాచు ఉంది. నీళ్ళు అక్కడిదాకా వస్తాయేమో?"

"అది చలికాలం తుఫాన్లది. నేను చూశాలే."

నేను చూసింది జేబులోని పోటు పట్టికలో మధ్యాహ్నం వరస ఒక్కటే. పులిహోరా, ఆవకాయా తిని, మిగిలింది ఎలుగుబంటి తెరవలేని డబ్బాలో పెట్టి, దూరంగా దాచి పడుకున్నాం.

"నాన్నా, నీళ్ళు!"

రాత్రి ఒంటిగంటయింది. అక్కడ జూన్‌లో పూర్తి చీకటి పడదు. ఆ మసక వెలుతురులో డేరా కింద గులకరాళ్ళు కదులుతున్న చప్పుడు. నా స్లీపింగ్ బ్యాగు సగం తడిసింది. చేతికి దొరికినవన్నీ ఇద్దరం గడ్డి మీదికి ఈడ్చాం. కయాక్ గుర్తొచ్చి గుండె జారింది. అది నీళ్ళ మీద తేలుతోంది, కానీ ఎక్కడికీ పోలేదు. నేను నిద్రపోయాక మా అమ్మాయి దాన్ని తాడుతో చెట్టుకి కట్టి వచ్చిందట.

వణుకుతూ టీ కాచాను. పట్టిక తీసి చూస్తే రాత్రి పోటు మధ్యాహ్నం దానికన్నా మూడడుగులు ఎక్కువ. ఆ తీరంలో రోజుకి రెండు పోట్లు వస్తాయి, రెండూ ఒక ఎత్తులో ఉండవు. పైగా ఆ రోజు పున్నమి. మబ్బు వల్ల చంద్రుడు కనపడలేదు, అంతే. కోనసీమలో పుట్టినవాణ్ణి నేను. గోదావరి పాయలోకి పోటు ఎప్పుడు ఎక్కుతుందో, పాటు ఎప్పుడు తీస్తుందో వింటూ పెరిగాను. పున్నానికీ అమావాస్యకీ పోటు ఎక్కువని మా అమ్మమ్మ చెప్పేది. ఆ మాటే మా అమ్మాయికి చెప్పాను.

"పోటు, పాటు," అని పలికి చూసుకుంది. "నీకు ఇదంతా తెలుసు. మరి నేను అడిగితే ఎందుకు వినలేదు?"

నా దగ్గర జవాబు లేదు.

"నువ్వెప్పుడూ అంతే నాన్నా. నేను అడగడం పూర్తయ్యేలోపే జవాబు చెప్పేస్తావు. కాలేజీ సంగతీ అంతేగా. నాకు కంప్యూటర్స్ వద్దని మూడుసార్లు చెప్పాను."

మూడుసార్లా? నాకు ఒక్కసారే గుర్తుంది. ఆ మాట పైకి అనబోయి ఆగాను. "సరే, ఇంకోసారి చెప్పు. మధ్యలో మాట్లాడను," అన్నాను. చెప్పింది. నీళ్ళు వెనక్కి తీసేదాకా చెబుతూనే ఉంది. నాకు అన్నీ నచ్చాయని కాదు. కానీ అన్నీ విన్నాను.

పొద్దున కయాక్ నీళ్ళలోకి దింపాక నేను ముందు సీట్లో కూర్చున్నాను. అలవాటుకొద్దీ కాళ్ళు పెడల్స్ కోసం వెతుకుతూనే ఉన్నాయి. ఒకచోట కుడివైపున మంచుముక్క కనిపించి, చెబుదామని నోరు తెరిచాను. అప్పటికే కయాక్ ఎడమకి తిరుగుతోంది.